అచ్చంగా అదే హీల్స్ జత మళ్ళీ కావాలంటే

ఐదారేళ్ళ క్రితం హైదరాబాదులోని ఒక విదేశీ బ్రాండు దుకాణంలో మీరు కొన్న నల్ల తోలు పంప్స్ (పట్టీలూ లేసులూ లేకుండా కాలు దూర్చి వేసుకునే హీల్స్ షూ) అరిగిపోయాయని రాశారు. హీలు చివరి టిప్పు అరిగి లోపలి మేకు నేలకు తగులుతోంది, మడమ దగ్గర లైనింగు చిరిగింది, ముందు భాగంలో తోలు రంగు వెలిసింది. కొన్నచోట అడిగితే ఆ మోడల్ ఆగిపోయిందన్నారు. అచ్చంగా అదే జత ఎక్కడైనా దొరుకుతుందా, దొరికితే రెండు మూడు జతలు కొని దాచుకోవడం మంచిదేనా, దొరకకపోతే ఎవరిచేతనైనా చేయించుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. మహిళల పాదరక్షలు ఎగుమతి చేసే, తమిళనాడులోని ఆంబూరు కర్మాగారం ఒకదానిలో నాణ్యతా విభాగంలో పనిచేసి, తరవాత హైదరాబాదులో ఒక దుకాణానికి సరుకు ఎంపిక చేసే బాధ్యత చూశాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. సంచిలోంచి పాత జత తీసి కౌంటరు మీద పెట్టి, ‘ఇదే కావాలండీ, ఇలాంటిది వద్దు’ అనేవారు తరచుగా వస్తూనే ఉంటారు.

అచ్చంగా అదే జత అన్న మాటలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి: లాస్టు (షూను తయారుచేసే అచ్చు), హీలు ఎత్తు, పైతోలు. మొదటి రెండూ కుదిరితే పేరు వేరైనా, బకిల్ వేరైనా, మీ కాలికి పెద్దగా తేడా తెలియదు. ఆ రెండూ మారితే మాత్రం పేరూ రంగూ ఫొటోలో కనిపించే రూపమూ అన్నీ అవే అయినా నాలుగడుగులు వేసేసరికి చెప్పు కరుస్తుంది. అందువల్ల మీ వెతుకులాట మోడల్ పేరుతో మొదలైనా, చివరికి లాస్టు దగ్గరికి చేరాలి.

లాస్టు అంటే పాదం ఆకారంలో ఉండే అచ్చు. ఒకప్పుడు కర్రతో చెక్కేవారు. ఇప్పుడు కర్మాగారాల్లో ఎక్కువగా గట్టి ప్లాస్టిక్ దిమ్మెలను యంత్రంతో చెక్కి తీస్తారు. కుట్టిన పైతోలును ఆవిరితో మెత్తబరచి ఈ అచ్చు మీదికి లాగి, అంచులను అడుగున ఇన్‌సోల్ అట్టకు (పాదం కింద లోపల ఉండే అట్టకు) అంటించి, ఆకారం నిలిచాక అచ్చును బయటికి లాగేస్తారు. వేళ్ళకు ఎంత చోటు ఉండాలి, పాదం అన్నిటికన్నా వెడల్పైన చోట చుట్టుకొలత ఎంత, మడమను ఎంత గట్టిగా పట్టుకోవాలి, పాదం ఏ వాలులో నిలబడాలి అన్నవన్నీ ఆ అచ్చులోనే నిర్ణయమైపోతాయి. హీలు ఎత్తు కూడా అచ్చుతో ముడిపడినదే. 60 మిల్లీమీటర్ల హీలు కోసం చేసిన అచ్చు మీద తయారైన షూకు 85 మిల్లీమీటర్ల హీలు బిగిస్తే షూ మొత్తం ముందుకు తూలుతుంది. అందుకే జిమ్మీ చూ బ్రాండు వారి రోమీ పంప్స్ 60, 85, 100 మిల్లీమీటర్ల ఎత్తుల్లోనూ, మనోలో బ్లానిక్ బ్రాండు వారి బీబీ పంప్స్ 50, 70, 90, 105 ఎత్తుల్లోనూ ఒకే పేరుతో అమ్ముతున్నా, కాలి లెక్కన ఒక్కో ఎత్తూ ఒక్కో షూ అనుకోవాలి. రోమీ 85 అలవాటైన కాలికి రోమీ 100 పూర్తిగా కొత్త చెప్పే.

దీనికి తోడు, వినడానికి అంత ఇష్టంగా ఉండని సంగతి ఒకటుంది. పాత జతలో మీకు తెలుస్తున్న సుఖంలో కొంత భాగం మీ పాదమే తయారుచేసుకున్నది. లోపలి మెత్తటి పొర మీ మడమకూ, బొటనవేలి మొదట్లోని ఎముకకూ తగ్గట్టు అణిగిపోయింది. పైతోలు మీ చిటికెన వేలు ఉన్నచోట కొద్దిగా సాగింది. సోలు మీ నడకకు తగ్గట్టు వంగడం నేర్చుకుంది. అదే కర్మాగారంలో, అదే అచ్చు మీద, అదే తోలుతో చేసిన కొత్త జత మీ చేతికి వచ్చినా మొదటి వారాల్లో అది బిగుతుగానే ఉంటుంది, చాలామంది అక్కడే ‘ఇది అది కాదు’ అని తిప్పి పంపేస్తారు. కొత్త జతను పాత జత ఇవాళ్టి సుఖంతో కాకుండా, పాతది కొన్న తొలి నెలలో ఎలా ఉండేదో గుర్తుచేసుకుని దానితో పోల్చాలి. కాన్పు తరవాతా, వయసు పెరిగే కొద్దీ, పాదపు వంపు కొంచెం కిందికి దిగి పాదం పొడవూ వెడల్పూ పెరగడం కూడా మామూలే. పాత జత మీతో పాటు సాగుతూ వచ్చింది కనుక ఈ మార్పు మీకు తెలిసి ఉండకపోవచ్చు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి రెండు పాదాల గీతలూ గీయించుకుని కొలవండి. నిలబడే కొలవాలి, కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది.

డబ్బు ఖర్చుపెట్టే ముందు మరొకటి తేల్చుకోవాలి. మీరు చెప్పిన మూడు లోపాల్లో ఏ ఒక్కటీ ఆ జతను పారేయవలసినంతది కాదు. టిప్పులు అరగడం హీల్స్‌కు సహజం. టిప్పు మధ్యలోంచి వచ్చే ఉక్కు మేకును హీలులోని రంధ్రంలోకి కొట్టి బిగిస్తారు. పాతదాన్ని పటకారుతో లాగి, అదే మందం మేకు ఉన్న కొత్తదాన్ని కొట్టి, అంచులను హీలు కొలతకు చెక్కడం చేయి తిరిగిన పనివాడికి కొద్ది నిమిషాల పని. ఆలస్యం చేస్తేనే చిక్కు. మేకు వంగినా, హీలు ప్లాస్టిక్కే అరగడం మొదలైనా ఎత్తు తగ్గుతుంది, రెండు కాళ్ళకూ ఒకేలా తగ్గదు కూడా. మడమ దగ్గర చిరిగిన లైనింగు మీద పలుచటి తోలు ముక్క లోపల అతికించవచ్చు. వెలిసిన నల్లరంగు తిరిగి వేయించడం అన్నిటికన్నా తేలిక.

అసలు పరీక్ష షాంకుది. హీలుకూ ముందు సోలుకూ మధ్య, నేలకు తగలని నడుము భాగంలో, ఇన్‌సోల్ అట్టలో ఇమిడిపోయి ఒక సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. మీ బరువును మోస్తున్నది అదే. షూను బల్ల మీద పెట్టి ఆ నడుము భాగాన్ని లోపలి నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. కదలకుండా నిలిస్తే షాంకు బాగుంది, ఆ జతకు మరమ్మతు చేయించుకోవచ్చు. నడుము కుంగినా, నొక్కినప్పుడు హీలు వెనక్కి జరిగినా, లోపల కిర్రుమని చప్పుడు వినిపించినా షాంకు విరిగిందో, దాని పట్టు వదిలిందో అయి ఉంటుంది. అటువంటి షూ వేసుకుని మెట్లు దిగడం ప్రమాదం. అలాంటి జతను కూడా పారేయకండి. కొత్తది దొరికేదాకా మీ దగ్గర ఉన్న ఏకైక కొలబద్ద అదే.

ఇక వెతకడం. మోడల్ పేరు కన్నా ఆర్టికల్ నంబరు, అంటే ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చుకునే కోడ్, ముఖ్యం. పంప్స్‌లో అది సాధారణంగా లోపలి పక్కన, పాదపు వంపు దగ్గర, లైనింగు మీద సన్న అక్షరాలతో ముద్రించి ఉంటుంది. సైజు, రంగు కోడ్, ఒక్కోసారి తయారీ తేదీ కూడా ఆ వరుసలోనే ఉంటాయి. ముద్ర అరిగిపోతే గదిలో దీపం ఆర్పి, ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. సిరా పోయినా అక్షరాలు నొక్కుకున్న గుంటల్లో నీడ పడి అంకెలు చాలావరకు బయటపడతాయి. పెట్టె ఉంటే దాని పక్క స్టిక్కరు మీద అంతా ఉంటుంది. పెట్టె లేకపోతే పాత బిల్లులోనో, దుకాణం పంపిన మెయిల్‌లోనో, అక్కడ మీ ఫోన్ నంబరు మీద ఉన్న కొనుగోళ్ళ చిట్టాలోనో ఆ నంబరు ఉండే అవకాశం ఉంది. పేరు అదే ఉండి ఆర్టికల్ నంబరు మారితే, రంగు కోడ్ వరకే మారిందా, మొత్తం మారిందా అని చూడండి. మొత్తం మారితే కర్మాగారమో, అచ్చో, సోలో ఏదో ఒకటి మారిందని అనుమానించడమే మంచిది.

ఆ నంబరుతో వెంటనే ఇంటర్నెట్‌లో వెతికే కన్నా ముందు కంపెనీకి రాయండి. ప్యాకేజ్డ్ సరుకులకు వర్తించే 2011 నాటి తూనికలు కొలతల నియమాల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరూ చిరునామా, నెలా సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరో మెయిలో ప్యాకెట్టు మీద ఉండాలి. పాత పెట్టె లేకపోయినా, అదే బ్రాండు వేరే పెట్టె మీద చూసి రాసుకోవచ్చు. దుకాణంలోని అమ్మాయిలకు స్టాకు మాత్రమే తెలుస్తుంది, లాస్టుల వివరాలు వారి చేతిలో ఉండవు. కంపెనీని అడగవలసిన ప్రశ్న కూడా ‘ఇది దొరుకుతుందా’ అన్నది కాదు, దానికి ‘లేదు’ అనే ఒక్క మాటే జవాబుగా వస్తుంది. ‘ఈ ఆర్టికల్ తయారైన లాస్టు మీద, ఇదే హీలు ఎత్తుతో, ప్రస్తుతం మీరు అమ్ముతున్న మోడళ్ళు ఏవి?’ అని అడగండి. ఒక మంచి లాస్టు కుదిరాక ఏ కంపెనీ అయినా దాన్ని ఒక్క మోడల్‌తో వదిలిపెట్టదు. ముందు భాగాన్ని కోసుగా ఉంచి మడమ దగ్గర పట్టీ పెట్టి ఒకటి, పైన బో పెట్టి మరొకటి, ఇలా దాని మీద ఏళ్ళ తరబడి రకరకాలు చేస్తూనే ఉంటుంది.

మోడళ్ళు ఎందుకు ఆగిపోతాయో తెలిస్తే వెతకడం తేలికవుతుంది. చాలా బ్రాండ్లు వేసవికొకసారి, చలికాలానికొకసారి కొత్త వరుస తెస్తాయి. అందులో ఎక్కువ భాగం ఆ సీజన్‌తోనే ముగుస్తుంది, కొద్ది మోడళ్ళను మాత్రం నలుపు, లేత గోధుమ రంగుల్లో ఏటా కొనసాగిస్తారు. హీలును గట్టి ప్లాస్టిక్‌తో మూసలో పోస్తారు, సన్నని హీలైతే మధ్యలో ఉక్కు కడ్డీ ఉంటుంది. సైజులను బట్టి వేర్వేరు మూసలు కావాలి. హీలు సరఫరా చేసేవారు ఆ మూసను పక్కన పెట్టేస్తే, దాని మీద ఆధారపడిన మోడళ్ళన్నీ ఒకేసారి ఆగుతాయి. మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి పాదరక్షలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు అమల్లోకి వచ్చాయి, ఇక్కడ అమ్మాలంటే విదేశీ కర్మాగారాలకు కూడా బీఐఎస్ లైసెన్సు అవసరమైంది. కాబట్టి ఇక్కడ ఆగిపోయిందని చెప్పిన మోడల్ వేరే దేశంలో ఇంకా అమ్ముడవుతూ ఉండవచ్చు. ముందుగా ఆ బ్రాండు సింగపూర్, దుబాయ్, అమెరికా వెబ్‌సైట్లలో అదే ఆర్టికల్ నంబరుతో చూడండి.

అక్కడ దొరికితే సైజు దగ్గర జాగ్రత్త పడాలి. తప్పులన్నిటిలోనూ ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. యూరోపు సైజుల్లో ఒక్కో అంకెకు 6.67 మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. బ్రిటిష్ సైజుల్లో ఒక్కో అంకెకు అంగుళంలో మూడో వంతు, సుమారు 8.47 మిల్లీమీటర్లు. ఈ రెండు మెట్ల ఎత్తు వేరు కనుక అంకెకు అంకె ఎప్పటికీ సరిపోదు. బ్రిటిష్ 5 అచ్చు పొడవు 254 మిల్లీమీటర్లు, యూరోపు 38 అచ్చు పొడవు సుమారు 253. ఇక్కడ రెండూ దాదాపు ఒకటే. కానీ బ్రిటిష్ 7 దగ్గరికి వచ్చేసరికి 271 అవుతుంది, యూరోపు 40 అయితే 267, 41 అయితే 273. అందుకే బ్రిటిష్ 7ను ఒక కంపెనీ 40 అనీ, మరొకటి 41 అనీ రాస్తుంది, ఇద్దరి లెక్కలోనూ కొంత సర్దుబాటు ఉంది. మన దుకాణాల్లో 36, 37, 38, 39 లకు వరసగా 3, 4, 5, 6 అని జతచేసిన పట్టికలు కనిపిస్తాయి. అవి అమ్మేవారి సౌకర్యం కోసం చేసినవి, వాటిని నమ్మి దేశం మార్చకండి. మీ పాత షూలో తయారీదారు వేసిన అంకె ఏ పద్ధతిలో ఉందో, కొత్తదాన్నీ అదే పద్ధతిలోని అంకెతోనే కొనండి. లోపల 38 అని ఉంటే 38 కోసమే వెతకండి. అమెరికా అంకెలోకి మార్చి, దాన్ని మళ్ళీ మన అంకెలోకి మార్చుకుంటే రెండుసార్లు తప్పు జరిగే అవకాశం ఉంది.

వెడల్పు అక్షరాల్లో ఇంకో మెలిక ఉంది. అమెరికా మహిళల సైజుల్లో బి అంటే మామూలు వెడల్పు, డి అంటే వెడల్పాటి పాదానికి చేసినది. క్లార్క్స్ వంటి బ్రిటిష్ కంపెనీల మహిళల షూలలో డి అంటే మామూలు వెడల్పు, ఇ అంటే వెడల్పాటిది. డి అన్న ఒకే అక్షరం చూసి అట్లాంటిక్‌కు అవతలి జత తెప్పించుకుంటే పంప్స్ మడమ దగ్గర జారుతూనే ఉంటాయి. ఆ వదులును ఎన్ని ప్యాడ్లు పెట్టినా సరిచేయలేము.

అమెరికాలో ఉన్న అక్కయ్యో, మరదలో వచ్చేటప్పుడు తెప్పించుకోవడం మన ఇళ్ళలో మామూలు. ఆ పద్ధతిలో తిప్పి పంపే వీలు ఉండదు కాబట్టి, మీరు ఇంతకుముందు వేసుకున్న ఆర్టికల్, అదే సైజు అయితేనే తెప్పించుకోండి. ఇంకొక హెచ్చరిక: అక్కడి అవుట్‌లెట్ మాల్స్‌లో కనిపించేదంతా మిగిలిపోయిన పాత సరుకు కాదు. చాలా బ్రాండ్లు అవుట్‌లెట్ల కోసమే విడిగా, తక్కువ ఖర్చుతో తయారుచేయిస్తాయి. చూపులకు మీ మోడల్ లాగే ఉంటుంది, ఆర్టికల్ నంబరు వేరుగా ఉంటుంది. వాడిన సరుకు అమ్మే సైట్లలో కొనేటట్లయితే సోలు అడుగు, లోపలి ముద్ర, టిప్పులు, వెనక నుంచి హీలు ఈ నాలుగు ఫొటోలు అడగకుండా డబ్బు కట్టకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫస్ట్ కాపీ అని అమ్మే నకళ్ళ జోలికి అసలు పోవద్దు. ఢిల్లీ హైకోర్టు 2017లో క్రిస్టియన్ లూబుటాన్ బ్రాండు షూల ఎర్ర సోలును ప్రఖ్యాత ట్రేడ్‌మార్కుగా గుర్తించిన సంగతి అలా ఉంచినా, ఆ కాపీలు ఫొటోను చూసి చేసినవి, అచ్చును చూసి చేసినవి కావు. మీకు కావలసిన ఒక్క గుణమూ వాటిలో ఉండదు.

అదే ఆర్టికల్ ఎక్కడా దొరకలేదనుకోండి, ఎక్కువమంది విషయంలో జరిగేది అదే. అప్పుడు పాత జతను వెంట తీసుకుని దుకాణాలకు వెళ్ళండి. అబిడ్స్‌లోనైనా, జనరల్ బజారులోనైనా, మాల్‌లోనైనా, పాత షూను చేతిలో పట్టుకుని అడిగితే అమ్మేవారికి మీ మాట కన్నా అది బాగా అర్థమవుతుంది. కొత్త షూ అడుగునూ పాత షూ అడుగునూ ఒకదానికొకటి ఆనించి, అంచుల గీతలు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. ముందు కొన వేరుగా ఉన్నా ఫరవాలేదు, అది వేళ్ళ అవతల ఉండే ఖాళీ భాగం. పాదం వెడల్పైన చోటు, నడుము సన్నబడే చోటు, మడమ ఆనే గుండ్రం, ఈ మూడూ కలవాలి. తరవాత రెండింటినీ పక్కపక్కన బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. బొటనవేలి కొన నేల నుంచి ఎంత లేచి ఉంది, వాలు ఎక్కడ మొదలవుతోంది అన్నవి పోల్చండి. హీలు ఎత్తును వెనక నుంచి నిట్టనిలువుగా కొలవాలి. ముందు ప్లాట్‌ఫామ్ ఉంటే దాని మందాన్ని తీసేయాలి, నాలుగంగుళాల హీలుకు ముందు అంగుళం ప్లాట్‌ఫామ్ ఉంటే మీ పాదానికి అది మూడంగుళాల హీలే. ఆఖరున వెనక నుంచి చూడండి. హీలు మడమ మధ్యలో నిలువుగా దిగాలి. వేలెడంత పక్కకు ఒరిగిన జతను తయారీ లోపం కింద పక్కన పెట్టేయండి, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

లోపలి పొడవు సరిచూడడానికి గట్టి కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి పాత షూలోకి దూర్చండి. మడమ గోడ నుంచి ముందు కొన దాకా కాగితం మడత పడకుండా ఆనేటట్టు కత్తిరించుకుంటే ఆ పట్టీయే మీ కొలత. కోసుగా ఉండే షూకూ గుండ్రంగా ఉండే షూకూ ఈ కొలత పోల్చకూడదు, ఒకే రకం ముందు భాగం ఉన్నవాటికే పనికివస్తుంది. పైతోలు విషయం త్వరగా చెప్పేస్తాను: పేటెంట్ తోలు (అద్దంలా మెరిసే పూత ఉన్నది) దాదాపు సాగదు, స్వెడ్ (మెత్తటి నూగు ఉన్న తోలు) బాగా సాగుతుంది, మామూలు నున్నని తోలు మధ్యస్థం. మీ పాత జత నున్నని తోలుది కనుక, అదే మోడల్ పేటెంట్‌లో దొరికిందని మురిసిపోయి అదే సైజు తీసుకుంటే బిగుసుకుంటుంది.

రెండు మూడు జతలు కొని దాచుకోవాలన్న మీ ఆలోచనను నేను ప్రోత్సహించను. దానికి కారణం పాలీయూరిథేన్, మన వాడుకలో పీయూ. సోలుగానూ, లోపలి మెత్తటి ఫోమ్‌గానూ, తోలులా కనిపించే సింథటిక్ పైపూతగానూ అది అంతటా ఉంటుంది. అందులో చాలా రకాలు గాలిలోని తేమతో మెల్లగా చర్య పొంది లోపలి నుంచి తునిగిపోతాయి. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు. వాడినా వాడకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి పెట్టెలో భద్రంగా ఉన్న కొత్త జతను పెళ్ళికని తీసి వేసుకుంటే, మండపం చేరేలోపల సోలు పొడిపొడిగా రాలిపోవడం, ఇంటికి వచ్చి విప్పితే లైనింగులోని నల్లటి పొట్టు పాదం నిండా అంటుకుని ఉండడం చాలామందికి అనుభవమే. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఎండాకాలం స్లాబు కింద మండిపోయే అటక మీద పెడితే సోలును అంటించిన జిగురు కూడా పట్టు వదులుతుంది.

మీ షూ దేనితో చేసినదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. 1994లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశం ప్రకారం అక్కడ అమ్మే పాదరక్షల మీద పైభాగం, లోపలి లైనింగు, సోలు ఈ మూడింటికీ బొమ్మల రూపంలో పదార్థం చూపాలి. విప్పి పరిచిన జంతుచర్మం ఆకారం ఉంటే అసలు తోలు, ఆ చర్మం మధ్యలో డైమండ్ ఉంటే పైపూత వేసిన తోలు, అల్లిక గళ్ళుంటే బట్ట, డైమండ్ ఒక్కటే ఉంటే ఇతర పదార్థం. విదేశీ బ్రాండ్లు మన దగ్గర అమ్మే జతల మీద కూడా ఈ బొమ్మలు తరచుగా ఉంటాయి, సోలు మీదో, లోపలో, పెట్టె మీదో చూడండి. మూడు చోట్లా చర్మం బొమ్మే ఉన్న జత బూజు పట్టకుండా చూసుకుంటే చాలా కాలం నిలుస్తుంది. లైనింగు దగ్గరో సోలు దగ్గరో డైమండ్ కనిపిస్తే దాన్ని దాచుకోవడం కన్నా వాడుకోవడం మేలు. అదే మోడల్ దొరికితే నా సలహా ఒక్క జత అదనంగా కొనమని మాత్రమే; ఆ రెండింటినీ రోజు మార్చి రోజు వాడండి. చెమట ఆరడానికి తోలుకు ఒక రోజు విరామం దొరికితే రెండు జతలూ ఎక్కువ కాలం వస్తాయి. తీసిపెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకుండా, ముందు భాగంలో కాగితం కూరి, గాలి ఆడే చోట ఉంచండి.

చేయించుకోవడం సాధ్యమే కానీ హీల్స్ విషయంలో అది ఫ్లాట్ చెప్పులంత తేలిక కాదు. చిన్న పనివారి దగ్గర లాస్టులు పరిమితంగా ఉంటాయి, హీళ్ళను బజారులో సిద్ధంగా దొరికేవాటిలోంచి ఎంచుకుంటారు, మీ ఒక్క జత కోసం ఎవరూ కొత్త మూస పోయరు. కాబట్టి ముందే అడగండి: మీ దగ్గర ఈ ఎత్తుకు సరిపోయే మహిళల లాస్టు ఉందా, దాన్ని చూపిస్తారా? అర అంగుళం తేడా ఉన్న లాస్టు మీద ‘సర్దేస్తాను’ అనేవారి దగ్గర ఆగవద్దు. మీ పాదం వెడల్పుకు తగ్గట్టు లాస్టు మీద తోలు ముక్కలు అతికించి పెంచుకునే పనివాడైతే నమ్మవచ్చు. పైభాగపు నమూనా తీయడానికి పాత షూను ఇవ్వవలసి వస్తుంది. విప్పి చూస్తామంటే ఒక కాలిదే ఇవ్వండి, రెండోది కొలతల కోసం మీ దగ్గర ఉంచుకోండి. సోలు అంటించక ముందు తాత్కాలికంగా హీలు బిగించి ఒకసారి వేసి చూపిస్తానన్న షరతు మీదే అడ్వాన్సు ఇవ్వండి. ఎగుమతి కర్మాగారాలు ఉన్న ఆంబూరు, ఆగ్రా వంటి ఊళ్ళలో లాస్టులూ హీళ్ళూ విస్తారంగా దొరుకుతాయి కనుక అక్కడి పనివారికి ఈ పని చిక్కు తక్కువ. హైదరాబాదులో అయితే పెళ్ళి చెప్పులు ఆర్డరు మీద చేసేవారిని అడిగి చూడవచ్చు, కానీ అక్కడ అలంకారం మీద ఉన్న శ్రద్ధ షాంకు మీద ఉంటుందో లేదో నొక్కి చూసుకోండి.

మీరు చేయవలసిన వరస ఇది: ఈ వారమే షాంకు పరీక్ష చేసి, అది బాగుంటే టిప్పులు వేయించండి, ఆర్టికల్ నంబరు రాసుకోండి, లాస్టు అడుగుతూ కంపెనీకి మెయిల్ పెట్టండి. జవాబు వచ్చేలోపల కొత్త జత ఏదైనా ఇంటికి వస్తే, సోలుకు మరక పడకుండా తివాచీ మీద సాయంత్రం అరగంట నడిచి చూశాకే స్టిక్కరు తీయండి. లోపలి ముద్ర, పక్క నుంచి తీసిన బొమ్మ, అడుగు బొమ్మ, హీలు కొలత ఇక్కడ పెడితే, ఏ తరహా లాస్టుకు దగ్గరగా ఉందో, ఇప్పుడు బజారులో ఉన్న ఏ మోడళ్ళను మీరు వేసి చూడవచ్చో చెప్పగలను. బ్రాండు పేరు రాయనక్కరలేదు, ఆర్టికల్ నంబరు చాలు.